రెండు పేర్లు

ఈ పుస్తకం సంపాదకులు ఫోన్ చేసి, "సార్, మీ వ్యాసం కింద ఏ పేరు వెయ్యమంటరు?" అని అడిగిన్రు. ఎవరికైనా అది మామూలు ప్రశ్నే. నాకు మాత్రం గొంతుల ముద్ద అడ్డం పడ్డట్టయింది. రేపు చెప్తనని ఫోన్ పెట్టేసిన. ఆ రేపు ఇంకా రాలేదు.

నాకు రెండు పేర్లున్నయి. ఒకటి ఆదివారం పేరు. నేను పుట్టిన నలభై దినాలకు, మా వాడల ప్రార్థన మందిరంలో, అయ్యగారు నెత్తిమీద నీళ్లు పోసి పెట్టిన పేరు. రెండోది సోమవారం పేరు. ఒకటో తరగతిల చేర్పిచ్చినప్పుడు బడి రిజిస్టరుల రాసిన పేరు. మా వాడల అందరికీ ఇట్ల రెండేసి పేర్లే. ఆదివారం యోహానులు, ఎలీషలు, మరియమ్మలు. సోమవారం బాలయ్యలు, సాయిలులు, పోశవ్వలు. చిన్నప్పుడు ఇది లోకంల అందరికీ ఉండే సంగతే అనుకున్న. ఊర్లోని పటేలు కొడుక్కు ఒక్కటే పేరు ఉన్నదని తెలిసిన్నాడు, పాపం అనిపించింది.

మాది ఎల్లారెడ్డి దిక్కు ఒక ఊరు. నిజాంసాగర్ నీళ్ల పేరు చెప్పి మా తాలూకాను పచ్చని తాలూకా అంటరు. నీళ్లు పటేండ్ల పొలాలకు పారినయి. మా వాడ మీదికెల్లి పారలేదు. నాయిన పటేలు దగ్గర జీతం ఉండేటోడు. నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు సచ్చిపోయిండు. అప్పటిసంది అవ్వ బీడీల మీద మమ్మల్ని సాదింది.

బీడీలు చేసే ఇండ్లల్ల పుట్టినోళ్లకు ఆ వాసన చెప్పనక్కర్లేదు. పొద్దుగాల ఆకు తడిపి, కత్తెరతోటి కత్తిరించి, ఒళ్లె చాట పెట్టుకుని కూసుంటే పొద్దుగూకేదాక వెయ్యి బీడీలు. దగ్గుకుంట చెయ్యాలె. కార్ఖానాకు తీస్కపోతే, చాట్లకెల్లి ఒక కట్ట తీసి, ఇది వదులున్నది, ఇది పొట్టిగున్నదని పక్కకు పారేసేటోళ్లు. పారేసిన దానికి పైసలు రావు. అయితే ఆ బీడీలు మల్ల తిరిగి ఇచ్చేటోళ్లు కూడా కాదు. "పనికిరానియి అయితే నాకియ్యి, నీకెందుకు?" అని అవ్వ ఒకనాడు అడిగింది. ఆనాడు వంద బీడీలు ఎక్కువ పారేసిండు. న్యాయం గురించి నేను విన్న మొదటి ప్రసంగం అదే.

అవ్వ బడికి పోలేదు. అక్షరాలు ఆమెకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంల దొరికినయి. పాటలన్నీ నోటికి వచ్చు గనుక, పాడుకుంట, ఏ మాట కాడ ఏ గీత ఉన్నదో వేలు పెట్టి చూసుకుంట చదువు నేర్సుకున్నది. అందుకే ఆమె చివరిదాక ఏది చదివినా రాగంతోటే చదివేది. కరెంటు బిల్లు కూడా. ఆమె బైబిలుల గుర్తుకు ఎండిన తునికాకు ముక్కలు ఉండేటియి. తెరిస్తే వాక్యం వాసన, తంబాకు వాసన కలిసి వచ్చేది.

మా ముత్తాత మెదక్ గుడికి రాళ్లు మోసిండని మా ఇంట్ల చెప్పుకుంటరు. దానికి కాగితం లేదు. మా వాళ్ల ఏ పనికీ కాగితం ఉండదు. 1914లో మొదలుపెట్టి పదేండ్లు కట్టిన గుడి అది. ఫాస్నెట్ దొర కట్టించిండు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిన్రు. కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊర్ల పేదలు ఆ పనికి పోయి కడుపు నింపుకున్నరు. నన్ను మొదటిసారి అవ్వ ఆడికి తీస్కపోయినప్పుడు, రంగు అద్దాల కిటికీల కంటె ముందుగాల గోడ రాయినే ముట్టుకుని చూసింది. "గీ రాయి మనదేమో" అన్నది. ఇంకో రాయి ముట్టుకుని, "లేకుంటె గిదేమో" అన్నది.

బువ్వ కోసం మతం మారినోళ్లని మమ్మల్ని అనేటోళ్లు ఉన్నరు. అవును, మారినం. ఆకలైనోడు బువ్వ పెట్టినోడి దేవుణ్ని నమ్మితే తప్పా? తరతరాలు ఆకలితో పండబెట్టినోడి దేవుణ్నే నమ్ముకుంట ఉండాల్నా? బువ్వ ఒక్కటే కాదు. మా తాతను వాడ బయట ఎవరూ 'నువ్వు' అని కూడా పిలువలేదు, 'ఓరి' అన్నరు. మందిరంల అతన్ని పేరు పెట్టి పిలిచి, నిలబెట్టి, ప్రార్థన చెయ్యమన్నరు. మా తాత నోరు తెరిచి పది మంది ముందల మాట్లాడిన మొదటి జాగ అదే.

*

డిగ్రీకి కామారెడ్డి వచ్చిన. హాస్టల్‌ల ఉండి చదువుకున్న. మా ఇంట్ల డిగ్రీ గడప తొక్కిన మొదటోణ్ని నేనే. హాస్టల్‌ల నా పక్క మంచం అన్న అంబేడ్కరిస్టు. గోడకు బాబాసాహెబ్ ఫోటో, మంచం కింద పుస్తకాలు. ఆయన ఇచ్చిన పుస్తకాలల్లనే 1935 ఎవలా సభ సంగతి, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల దీక్ష సంగతి చదివిన. జాషువా కవిని కూడ ఆడనే అర్థం చేసుకున్న. 'గబ్బిలం'ల ఆయన గుడిలోకి పోలేనోడి బాధను, గుడిలోకి పోగల గబ్బిలంతోటి కాశీకి కబురు పంపిండు. రాసినాయన వినుకొండల క్రైస్తవ వాడల పెరిగినోడు. మతం మారినా ఆయన వెనక కులం నడిచివచ్చింది.

ఒకనాడు నేను ఆదివారం చర్చికి తయారైతుంటె అన్న అడిగిండు. "తమ్మీ, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. ఏసు కాడ మోకాళ్లేసినంక నీ కులం పోయిందా?"

"పోలే."

"మీ ఊర్ల మాలోళ్లు, మీరు ఒక్క మందిరంల కూసుంటరా?"

నేను మాట్లాడలేదు. మా ఊర్ల రెండు మందిరాలున్నయి. మాలవాడల ఒకటి, మా మాదిగవాడల ఒకటి. రెండిట్ల అదే పుస్తకం, అవే పాటలు. ఒక్క రొట్టె విరిచి పంచుకున్నోళ్లు ఒక్క శరీరమని రెండిట్ల చెప్తరు. ఆ రొట్టె మాత్రం రెండు పొయ్యిల మీద కాలుతది. ఈ మాట రాస్తే మా అయ్యగార్లకు కోపం వస్తది. రాయకుంటె అవ్వకు కోపం వస్తది.

"మరి ఎందుకు పోతవ్?" అన్నడు అన్న.

"మా అవ్వ ఆడ చదువు నేర్సుకున్నది" అన్న. అంతకంటె మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

నా రెండు పేర్ల వెనక చట్టం ఉన్నదని చెప్పింది కూడా ఆ అన్ననే. 1950 ఆగస్టుల రాష్ట్రపతి పేరు మీద వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వుల మూడో పేరా ఉన్నది. హిందూ మతం కాక వేరే మతం నమ్మినోణ్ని షెడ్యూల్డు కులపోడుగ ఎంచొద్దని దాని సారం. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను అందులో కలిపిన్రు. క్రైస్తవులు, ముస్లింలు బయటనే ఉండిపోయిన్రు. మన దగ్గర క్రైస్తవంల కలిసిన ఎస్సీలను బీసీ-సీ అన్నరు. ఒక్క శాతం ఇచ్చిన్రు. ఆ మూడో పేరా తీసెయ్యమని 2007ల రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2004లనే సుప్రీంకోర్టుకు కేసు ఎక్కింది. 2022ల ఇంకో కమిషన్‌ను, బాలకృష్ణన్ గారి పేరు మీద, వేసిన్రు. 2024 నవంబరుల పుదుచ్చేరి అమ్మాయి కేసుల, చర్చికి పోయుకుంట ఎస్సీ సర్టిఫికెట్ అడుగుడు రాజ్యాంగానికి మోసమని సుప్రీంకోర్టు అన్నది. ఆ తీర్పు పేపర్ల చదివిన దినం నేను బడిల పిల్లలకు రాజ్యాంగ పీఠిక చదివిపిస్తున్న. పిల్లలు గట్టిగ చదువుతున్నరు. నా నోరు పెగల్లేదు.

*

2012 డీఎస్సీల నాకు ఉద్యోగం వచ్చింది. కులం విచారణకు రేపు సార్లు వస్తున్నరని ముందురోజు సాయంత్రం కబురొచ్చింది.

ఆ రాత్రి అవ్వ లేచి గోడకున్న ఏసు ప్రభువు క్యాలెండర్ తీసింది. గొర్రెపిల్లను భుజం మీద ఎత్తుకున్న బొమ్మ అది. మెల్లగ చుట్టి తునికాకు బస్తాల పెట్టింది. బైబిలు, కీర్తనల పుస్తకం కూడా అందులనే. పక్కింటికి పోయి కిరాణ దుకాణపోడు ఇచ్చిన లక్ష్మీదేవి క్యాలెండర్ అడుక్కొచ్చి ఆ మొలకే తగిలిచ్చింది. పాత క్యాలెండర్ పొడుగు, కొత్తది పొట్టి. గోడ మీద తెల్లగ నాలుగేళ్ల జాగ మిగిలింది. అవ్వ ఆ జాగకు కొంచెం మసి రాసింది.

పొద్దుగాల ఇద్దరు వచ్చిన్రు. గడప బయటనే నిలబడి లోపటికి చూసిన్రు. గోడ దిక్కు చూసిన్రు. అవ్వ మూలకు కూసుండి బీడీలు చేస్తున్నది.

"చర్చికి పోతరా?"

"పోం సార్."

"మీ నాయిన బాప్తిస్మం తీసుకున్నడా?"

"లేదు సార్."

చిన్న సారు నవ్వుకుంట అడిగిండు. "ఏసు ఎవరో ఎరుకేనా మరి?"

"ఎరుక లేదు సార్."

అప్పటిదాక ఆగకుంట తిరుగుతున్న అవ్వ వేళ్లు ఆ మాటకు ఆగినయి. ఒక్క క్షణమే. మల్ల తిరిగినయి. కోడి కూయలేదు. పొద్దు పదకొండు గొట్టింది. వాళ్లు కాగితం మీద ఏదో రాసుకున్నరు. "నీళ్లు తాగుతరా సార్?" అని అడిగిన. వద్దన్నరు. నేను హిందువునని రాసుకున్నరు గని మా ఇంట్ల మంచినీళ్లు తాగలేదు. మూడో పేరా చెప్పే మతానికి, ఆ చెంబెడు నీళ్లకు మధ్య ఉన్న దూరంలనే మేం బతుకుతున్నం.

వాళ్లు పోయినంక నేను ఏడ్సిన. పేతురు కూడ మూడు మాట్లు ఎరుగనన్నడు. ఆయన ప్రాణభయంతోటి అన్నడు. నేను జీతం కోసం అన్న.

అవ్వ బస్తాల నుంచి క్యాలెండర్ తీసి, ఆకు దులుపుకుంట అన్నది. "గా పేతురునే గదరా మల్ల సంఘానికి పెద్దను చేసిండు. ఎరుగనన్నోణ్ని ఎల్లగొట్టలే. మంట కాడ పిలిసి కూసోబెట్టి, శాపలు కాల్చి పెట్టిండు. ముందుగాల తిను అన్నడు. నువ్వు ముందుగాల నౌకరి చెయ్యి. గని కొడకా, గా మాట నోట్లనే ఉండాలె. లోపటికి రానియ్యకు."

నేను ఇంతవరకు విన్న ప్రసంగాల్లో నిరీక్షణ గురించి అంతకంటె పెద్ద మాట లేదు.

*

ఉద్యోగంల చేరినంక మా సంఘంల నాకు మర్యాద పెరిగింది. "సార్, ఒక ఆదివారం మీరు వాక్యం చెప్పుండ్రి" అని అయ్యగారు చానాసార్లు అడిగిండు. చదువుకున్నోణ్ని గద. నేను ప్రతిసారి ఏదో సాకు చెప్పిన. దొంగ నోటితోటి సత్యం గురించి ఎట్ల చెప్పుడు?

2022 వానల్ల అవ్వ సచ్చిపోయింది. బీడీల దగ్గే కడకు తీస్కపోయింది.

మా బొందలగడ్డ ఊరి బయట వాగు ఒడ్డుకు ఉన్నది. దాంట్ల ఒకదిక్కు మాలోళ్లు, ఒకదిక్కు మాదిగోళ్లు. సచ్చినంక కూడ రెండు వాడలే. ఆడికి పోయే తొవ్వను పక్క పొలమాయన ఏడాదికి ఒక సాలు చొప్పున దున్నుకుంట, ఆ ఏడు మొత్తం కలిపి నాటేసిండు. అవ్వ పెట్టెను మోసుకొచ్చినోళ్లం ఒరం మీద ఆగిపోయినం. పొలంల దిగితే నాటు తొక్కుతున్నరని కేసు. దిగకుంటె పీనుగ వానల.

ప్రతి ఆదివారం మాకు పరలోకానికి తొవ్వ చెప్తరు. మా బొందలగడ్డకు తొవ్వ లేదు.

అప్పుడు మాలవాడ నుంచి మనుషులు వచ్చిన్రు. ఎవరు పిలిచిన్రో ఎరుకలేదు. వాళ్ల సంఘపెద్ద ఒకాయన, ముసలాయన, ధోతి పైకి కట్టి ఏం మాట్లాడకుంట బురదల దిగిండు. పెట్టె ముందు కొన భుజానికెత్తుకున్నడు. "ఇయ్యాల మీ అవ్వ. రేపు నేను. గీ తొవ్వలకెల్లే గద నేను పోయేది" అన్నడు. మోకాళ్లలోతు బురదల రెండు వాడలోళ్లం కలిసి మోసినం. పాట వాళ్లు ఎత్తుకున్నరు, మావాళ్లు అందుకున్నరు. ఒక్క పుస్తకంలదే గద. మా ఊరు పుట్టినకాడికెల్లి రెండు మందిరాలోళ్లు కలిసి పాడింది అదే మొదటిసారి కావొచ్చు.

మూడో రోజు ప్రార్థన కాంగనే రెండు వాడలోళ్లు కూసున్నరు. సోమవారం కామారెడ్డి కలెక్టరేట్ల ప్రజావాణికి పోవాలన్నరు. దరఖాస్తు రాసే పని నాకు పెట్టిన్రు. ఆడ మల్ల అదే చిక్కు. 'క్రైస్తవ సమాధుల స్థలం' అని రాస్తే, అయితే మీరు ఎస్సీలు కాదు గద అంటరు. 'ఎస్సీ శ్మశానం' అని రాస్తే, సిలువలు ఎందుకున్నయి అంటరు. కాగితం ముందల పెట్టుకుని కూసున్న. మా పెద్దవ్వ ఒకామె చూసి చూసి అన్నది. "సచ్చినోళ్లకు గూడ సర్టిఫికెట్ గావాల్నా సార్? బొందలగడ్డ అని రాయి."

బొందలగడ్డ అనే రాసిన. కింద నా సోమవారం పేరుతోటి మొదటి సంతకం పెట్టిన. అప్పటిదాక ఏ దరఖాస్తు మీద నేను ముందుగాల సంతకం పెట్టలేదు. సర్కారు నౌకరోణ్ని గదా, ఎవరన్నా నా సర్టిఫికెట్ మీద కాగితం పెడితే ఏమైతదో అని నాకెప్పుడూ భయం.

పదకొండు సోమవారాలు పోయిన్రు. ఒక వారం మావోళ్లు, ఒక వారం మాలోళ్లు, ఒక్కోసారి రెండు వాడలోళ్లు. కూలి పోగొట్టుకుని, బస్సు కిరాయి చందాలేసుకుని, అన్నం మూటలు కట్టుకుని పోయిన్రు. చీటి ఇచ్చేటోళ్లు, మల్ల రమ్మనేటోళ్లు. పన్నెండో వారం సర్వేయర్ వచ్చి కొలిచిండు. రాళ్లు పాతిన్రు. ఎడ్లబండి పోయేటంత తొవ్వ తేలింది. ఆ పొలమాయన ఒక రాయి పీకిండు. మల్ల పోయి పాతిపిచ్చినం. ఆ పంచాయితి పూర్తిగ తెగలేదు.

*

ఆ ఏడు కోత పండుగ రెండు మందిరాలోళ్లు ఒక్క కాడ చేద్దామన్నరు. వడ్లు, మక్కకంకులు, గుమ్మడికాయలు, ఒక కోడిపుంజు. వేలంపాటల ఆ కోడిపుంజును మాలవాడ పెద్దాయన, మా వాడ పిలగాడు పోటీపడి పెంచుకుంట పోతుంటె అందరు నవ్విన్రు. ఆనాడు వాక్యం చెప్పనని నేను అనలేదు.

లూకా సువార్తల విధవరాలి కథ చెప్పిన. దేవునికి భయపడని, మనిషిని లెక్కచెయ్యని న్యాయాధిపతి దగ్గరికి ఒక విధవరాలు పోతనే ఉంటది. ఆఖరికి ఆయన న్యాయం మీద ప్రేమతోటి తీర్పు చెప్పలేదు. ఈమె నన్ను సతాయిస్తున్నదని చెప్పిండు. నిరీక్షణ అంటె చేతులు కట్టుకుని ఆకాశం దిక్కు చూసుడు కాదు, సోమవారం సోమవారం బస్సెక్కుడు అని చెప్పిన. ఆమె ఒక్కతే పోయింది గనుక ఎన్ని దినాలు పట్టిందో. మనం రెండు వాడలం పోతే పన్నెండో వారం రాయి పాతిన్రు అని చెప్పిన.

అంతటితోటి కూసోవచ్చు. కూసోలేదు. విచారణ నాటి సంగతి చెప్పిన. క్యాలెండర్ సంగతి, మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. "నేను ఈడ నిలబడేందుకు తగినోణ్ని కాను" అన్న.

మందిరంల చప్పుడు లేదు. నా చెవులు గుయ్యిమన్నయి. అప్పుడు వెనకకెల్లి మా పెద్దవ్వ అన్నది. "మీ అవ్వ క్యాలెండర్ ఎవలింట్లకెల్లి తెచ్చింది సార్? మా ఇంట్లకెల్లే గద. నా కొడుకు విచారణకని తెచ్చిపెట్టుకున్నది. మొత్తం వాడ తిరిగింది గా క్యాలెండర్."

ఒకలు నవ్విన్రు. ఇద్దరు నవ్విన్రు. మాలవాడ ముసలాయన, "మా వాడల వెంకటేశ్వరస్వామిది తిరిగింది" అన్నడు. అందరు పకపక నవ్విన్రు. నవ్వుకుంట నవ్వుకుంట కొందరు కండ్లు తుడుచుకున్నరు. నేను ఒక్కణ్నే మోస్తున్న అనుకున్న పెట్టెను అందరు ఒక్కో కొన పట్టుకుని మోస్తున్నరని ఆనాడు తెలిసింది. సంఘం అంటె ఇదే అనుకున్న.

చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ వ్యాసం చదువుతరు. క్రైస్తవులు కులం దాచుకుంటరు, మతం దాచుకుంటరు అని మీరు కోపం చేస్తరు. చెయ్యుండ్రి, న్యాయమే. గని ఒక మాట అడుగుత. 1985 జూలై 17న కారంచేడుల మాదిగలను తరిమి చంపినప్పుడు, 1991 ఆగస్టు 6న చుండూరుల మనోళ్లను గోనెసంచులల్ల కుక్కినప్పుడు, ఎవడన్నా బాప్తిస్మం కాగితం అడిగిండా? చంపేటోనికి మేం మాదిగోళ్లం, మాలోళ్లం. నీళ్లు తాగనోనికి మాదిగోళ్లం. సర్కారు కాగితం కాడికి వచ్చేసరికే ఏసును ఎరుగుదువా అని అడుగుతరు. అబద్ధం ఆడింది నేనే, ఒప్పుకుంటున్న. ఆ అబద్ధాన్ని నా నోట్ల పెట్టింది ఎవరో కూడ రాయుండ్రి.

మా వాళ్లకూ ఒక మాట. మూడో పేరా ఢిల్లీల ఉన్నది, దాన్ని మనం ఒక్కరోజుల తీసెయ్యలేం. రెండు మందిరాల నడిమి గోడ మన ఊర్లనే ఉన్నది. కోత పండుగ ఒక్కనాడు కలిసినం. మల్ల ఆదివారం ఎవరి మందిరానికి వాళ్లు పోయినం. ఆ గోడకు ఏ చట్టం అడ్డం లేదు.

ఇప్పుడు సంపాదకులకు నా జవాబు. ఆదివారం పేరు వేస్తే నా నౌకరి పోతది. నాది ఒక్కటే అయితే పోనీ అందును, వాడ మొత్తం మీద కాగితాలు పడుతయి. సోమవారం పేరు వేస్తే, ఎరుగను అని నాలుగోసారి చెప్పినట్టయితది. అవ్వ లోపటికి రానియ్యొద్దన్న మాట అది.

పేరు జాగ ఖాళీగ వదిలిపెట్టుండ్రి. ఆ మూడో పేరా పోయిన్నాడు నేనే వచ్చి రాస్త. రెండు పేర్లు కలిపి రాస్త.